కడిగిన విత్తనాలు

కదిరప్పకు ఒక జబ్బు ఉండేది. ఏ వస్తువు కంటబడినా అది అట్లా ఎందుకుందో ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకు సంగటి ముద్ద గొంతు దిగేది కాదు. వయసులో ఉన్నప్పుడు లారీ మీద క్లీనరుగా బళ్లారి, హైదరాబాదు, మద్రాసు తిరిగినవాడు. డ్రైవర్లు, మెకానిక్కులు, హమాలీలు చెప్పుకునే మాటలన్నీ చెవిలో వేసుకొని, లారీ వదిలి ఊరికొచ్చాక అరుగు మీద కూర్చొని పంచిపెట్టేవాడు. బలసముద్రానికి ఆనుకొని ఉన్న ఆ చిన్న పల్లెలో ఒకరికొకరు పంచుకోవడానికి ఇంకేమీ లేదు కాబట్టి జనం వినేవాళ్లు.

పెట్రోలు ట్యాంకరు వెనక ఒక గొలుసు నేలను రాసుకుంటూ పోతుంది చూశారా, అది ఊడి వేలాడే గొలుసు కాదు. పరుగు మీద బండి ఒంట్లో కరెంటు పుడుతుంది, దాన్ని నేలలోకి దింపడానికి కావాలని కట్టింది. తాళంకప్ప అడుగున సూదంత చిల్లి ఉంటుంది. లోపల పడిన వాన నీళ్లు కారిపోవడానికి, తుప్పు పడితే నూనె చుక్క వేయడానికి. రూపాయి బిళ్ల అంచుకు గీతలెందుకు? వెండి రూపాయల కాలంలో అంచు గీకి వెండి దొంగిలించే ఘనులుండేవాళ్లు. గీకితే గీతలు పోయి దొంగతనం బయటపడుతుంది. గోనెసంచి మూలలకు చెవులు వదిలి కుట్టేది హమాలీ చేతికి పట్టు దొరకాలని. "దేవుడే ఊరికే ఏదీ పెట్టలేదప్పా, మనిషి పెడతాడా?" అనేవాడు కదిరప్ప.

పక్కింటి దాసన్న "తా పట్టిన కుందేటికి మూడే కాళ్లంటాడు ఈయప్ప" అని నలుగురిలో ఎగతాళి చేసేవాడు. ఇంటికి పోయి తాళంకప్ప తిరగేసి చిల్లి చూసుకొని, మరునాడు కిక్కురుమనకుండా వచ్చి మళ్లీ అదే అరుగు మీద కూర్చునేవాడు.

అందరికన్నా బాగా వినేది మనవరాలు పుట్టమ్మ. ఆరేళ్ల పిల్ల, ఇంట్లో ముద్దుగా 'పుట్టి' అని పిలుస్తారు. కదిరప్ప కొడుకు సంజీవప్ప కరువు తట్టుకోలేక బెంగళూరులో కట్టడం పనులకు పోయి, ఎప్పుడో ఒకసారి వచ్చి మొహం చూపించి పోయేవాడు. ఇంట్లో మిగిలింది ముసలాయన, కోడలు నరసక్క, ఈ పిల్ల. పుట్టి వచ్చి మోకాళ్ల మీద చేతులు పెట్టి "ఎందుకు తాతా?" అంటే కదిరప్పకు కడుపు నిండేది. ఆ రోజుల్లో ఆయన కడుపు నిండటానికి వేరే దారి లేదు కూడా.

ఆయన మాటకు ఊళ్లో విలువ వచ్చింది కిరసనాయిలు విషయంలో. రేషను కిరసనాయిలు ఉన్నట్టుండి నీలం రంగులో రావడం మొదలైంది. ఏదో కలిపారని, దీపం పొగకు కళ్లు పోతాయని పుకారు లేచింది. ఎదురింటి కరియమ్మ బుడ్డి వెలిగించకుండా పిల్లల్ని చీకట్లోనే పడుకోబెట్టింది. కదిరప్ప నవ్వి, పావగడ అంగట్లో దొరికే తెల్ల కిరసనాయిలు ఒక బుడ్డిలో, రేషను నీలం ఒక బుడ్డిలో పోసి, అరుగు మీద పక్కపక్కన వెలిగించాడు. మంట ఒకటే, పొగ ఒకటే, వాసన ఒకటే.

"రేషను నూనె బయట అమ్ముకోకుండా సర్కారోళ్లు ఏసిన గుర్తప్పా ఇది," అన్నాడు. "గొర్రెల ఈపు మీద ఎర్ర రంగు పుయ్యమా మనం, ఇది ఈరయ్యది, ఇది బోరయ్యది అని తెలిసేకి? రంగు పూస్తే గొర్రె మాంసం చేదైతాదా? రంగు గుర్తే గానీ గుణం కాదు."

ఆ మాట నిజమే. వచ్చిన తంటా అంతా అది నిజం కావడంతోనే వచ్చింది. ఆయన అంతకు ముందు చెప్పినవన్నీ అబద్ధాలై ఉంటే ఆ ఊరు బతికి బాగుండేది.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. పావగడ సీమలో ఆ రోజుల్లో వాన రాదని మాత్రం పసిపిల్లలకు కూడా తెలుసు. రెండేళ్లుగా చెనక్కాయ, అంటే వేరుశనగ, పంట చేతికి రాలేదు. ఒక ఏడు పూత మీదే మాడింది. ఇంకో ఏడు కాయ పట్టే ఊడలు భూమిలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది, గట్టిపడిన నేల మీద ఊడలు దిగలేక అట్లే ఎండిపోయాయి. విత్తనానికి దాచిన కాయలు తిండికే పోయాయి. మూడో ఏడు ఆషాఢంలో పావగడలో ఒక డిపో దగ్గర విత్తనాలిస్తున్నారని తెలిసి ఊరంతా సంచులు భుజాన వేసుకొని పోయింది.

ఎప్పుడూ కాయలిచ్చేవాళ్లు. ఈసారి ఒలిచిన పప్పులు. అవి కూడా జాతరలో అమ్మే చక్కెర మిఠాయిలాగా మంచి గులాబి రంగులో ఉన్నాయి. డిపో మనుషులు గోనెసంచులు విప్పి పట్టా మీద రాశి పోసి, డబ్బాతో కొలిచి ఎవరి సంచిలో వాళ్లకు పోశారు. ఖాళీ గోనెసంచులకు గిరాకీ ఉంటుంది కాబట్టి వాటిని జాగ్రత్తగా మడిచి లోపల పెట్టుకున్నారు. ఆ సంచుల మీద ఏం రాసి ఉందో, ఏం బొమ్మ ఉందో చూసినవాడు లేడు. కొలిచే మనిషి "బిత్తేదానికే ఇది, తినేదానికి కాదు" అని కేకేసిన మాట నిజమే. ఏ డిపోలో అయినా ప్రతి ఏడూ ఆ కేక వేస్తూనే ఉంటారు. బస్సులో కండక్టరు లోపలికి జరగమంటే ఎట్లా వింటామో, జనం దాన్ని అట్లా విన్నారు.

తిరిగి వచ్చే దావలో దాసన్న సంచిలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి చూశాడు. "ఇదేందప్పా కదిరప్పా, పెండ్లికూతురికి పూసినట్టు పూసినారు?"

కదిరప్ప ఒక్క అడుగు కూడా తడబడకుండా జవాబు చెప్పాడు. "నూనె మిల్లుకు అమ్ముకుంటామని భయం ఆళ్లకు. ఈ రంగు గింజ మిల్లోడు చూస్తే కొనడు. నీలం నూనె కథే ఇది." విన్నవాళ్లంతా తలలూపారు. అడ్డం అడిగే అవసరం ఎవరికీ కనపడలేదు.

నరసక్క సంచిని దేవుని గూటి కింద పెట్టి, పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి దీపం వెలిగించింది. విత్తే పొద్దు దాకా దాన్ని ఎవరూ కాలితో తాకకూడదు. అది ఆ ఇంటి ఆచారం, ఆ సీమ ఆచారం.

వాన రాలేదు. ఆషాఢం పోయింది, శ్రావణమూ సగం పోయింది. ఆకాశంలో మోడాలు పొద్దున పుట్టి మధ్యాహ్నానికి మడకశిర దిక్కుకు పోయేవి. గాదెలో రాగులు అడుగంటాయి. కరువు పనులని మొదలుపెట్టిన రోడ్డు మధ్యలో ఆగింది. నరసక్క గంజిలో రోజురోజుకు నీళ్లు ఎక్కువ పోసేది. పుట్టి చింతచిగురు కోసుకొని నమిలేది. పళ్లు పులిసిపోయి, ఏదైనా గట్టిది తినాలని ఏడ్చేది. ఆ ఏడుపు వింటూ ఒక ముసలాయన ఎన్నాళ్లు అరుగు మీద కూర్చుంటాడు?

"ఇత్తనాలు తీయి అమ్మీ," అన్నాడొక పొద్దు కోడలితో.

నరసక్క ఉలిక్కిపడింది. "ఇత్తనం తింటారా మామా? రేపు వానొస్తే భూమికి ఏమి జవాబు చెప్తాము?"

"ఇంకెప్పుడొస్తాది? ఒలిచిన పప్పు వచ్చే ఏటికి మొలవదు. పురుగు తినేదానికన్నా పిల్ల తినేది మేలు గదా."

ఆమె దేవుని గూటి కిందకు చూసింది. "ఆ రంగో?" అంది.

"కడిగితే పోతాది."

కదిరప్ప మూర్ఖుడేం కాదు. ముందు ఒక గుప్పెడు గింజలు రంగు పోయేదాకా కడిగి, ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క కోడికి వేశాడు. అది ఆవురావురుమని తిన్నది. మరునాడు, ఆ మరునాడు కూడా వేశాడు. కోడి చావకపోగా గుడ్డు పెట్టింది. తరవాత తాను తిన్నాడు. ఏమీ కాలేదు. లోకంలో ఇంతకన్నా జాగ్రత్తగా ఎవరు పరీక్షిస్తారు?

ఆ పొద్దు తాతా మనవరాలు వాకిట్లో కూర్చొని ఇత్తడి గుండిగలో విత్తనాలు కడిగారు. నీళ్లు గులాబి రంగుకు తిరిగితే పుట్టి చప్పట్లు కొట్టి, తన బట్టబొమ్మకు చుట్టిన తెల్లగుడ్డను ఆ నీళ్లలో ముంచి రంగు వేసుకుంది. "కడగ్గానే ఇంత బిన్నా పోతాదేంది తాతా రంగు?" అని అడిగింది.

"పోవల్లనే ఏసింది తల్లీ. గట్టి రంగు ఏస్తే గింజకు ఊపిరాడదు," అన్నాడు కదిరప్ప. అప్పటికప్పుడు తోచిన మాట అది. కానీ చెప్పినాక ఆయనకే అది ఎప్పుడో ఎవరో తనకు చెప్పినట్టు అనిపించింది.

నరసక్క విత్తనాలు వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు పెట్టి ఊరిబిండి నూరింది. ఎన్నాళ్ల తరవాతో ఆ ఇంట్లో నుంచి వేయించిన వాసన వచ్చింది. వాసన వాకిలి దాటిందంటే ఊరంతా పాకినట్టే. ఎదురింటి కరియమ్మ వచ్చి అడిగింది, దాసన్న వచ్చి అడిగాడు. కదిరప్ప దాచుకోలేదు. ఎట్లా కడగాలో, ఎన్ని నీళ్లు మార్చాలో కూర్చోబెట్టి చెప్పాడు. వారం తిరక్కముందే ప్రతి వాకిట్లో గులాబి నీళ్లు పారాయి. ఉగాదికి వసంతాలాడిన వీధిలాగా ఉంది ఆ వీధి. పిల్లల మొహాల్లోకి కళ వచ్చింది. కదిరప్ప తన వంతు ఎప్పుడూ సగమే తిని, మిగతాది పుట్టి గిన్నెలోకి తోసేవాడు.

కొన్ని వారాలు అందరూ బాగానే ఉన్నారు.

మొదట పుట్టి "మూతి చుట్టూ చీమలు పాకుతుండాయి తాతా" అంది. తుడిచి చూస్తే చీమలేవీ లేవు. తరవాత అరికాళ్లలో కూడా చీమలన్నది. ఆ తరవాత నడకలో కాళ్లు తడబడటం మొదలైంది. గడప దాటబోయి పడేది, చదును నేల మీదే పడేది.

ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు. బోరింగు నీళ్లు ఆ సీమ శాపం. ఇంటికొక గారపళ్ల పిల్ల, వీధికొక వంకరకాళ్ల పిల్లాడు. "నీళ్ల జబ్బు పట్టింది పాపం," అన్నారంతా. పావగడలో కాంపౌండరూ అదే అని సున్నపు బిళ్లలిచ్చి పంపాడు. కదిరప్పకు దాని కారణం కూడా తెలుసు. బోరు లోతుకు పోయేకొద్దీ రాతిలోని ఒక ఉప్పు నీళ్లలోకి దిగుతుంది, అది ఎముకకు పడుతుంది. ఇది కూడా నిజమే. అందుకని పిల్ల కోసం పొద్దున్నే లేచి, రాయచెర్లు దావలో ఇంకా చెమ్మ మిగిలిన ఒక పాత బావి నుంచి కడవతో తియ్యటి నీళ్లు మోసుకొచ్చేవాడు. ఆ నీళ్లు పిల్లకు తాగించేవాడు. ఆ నీళ్లతోనే పిల్లకు పెట్టే విత్తనాలు విడిగా కడిగేవాడు. ప్రేమకు కళ్లుండవంటారు గానీ, కాళ్లూ చేతులూ మాత్రం బాగా ఉంటాయి.

పిల్ల తగ్గలేదు. గంజి గిన్నె ముందు పెడితే పక్కన నేల మీద చెయ్యి తడిమేది. పిలిస్తే తల అటూ ఇటూ తిప్పి వెతికేది. ఎదురుగా ఉంటేనే కనపడేది, కొంచెం పక్కకు జరిగితే మాయమయ్యేవాళ్లు. మాట ముద్దముద్దగా రావడం మొదలైంది. ఒక మధ్యాహ్నం తెరిచి ఉన్న తలుపు రెక్కకు కొట్టుకొని నుదురు పగిలింది.

"మామా, నీళ్ల జబ్బుకు కండ్లు పోవు," అంది నరసక్క, పిల్ల నుదుటికి పసుపు అద్దుతూ. ఆ సాయంత్రమే ముగ్గురూ తుంకూరు బస్సెక్కారు.

తుంకూరు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ పిల్లను చాలాసేపు చూసింది. వేలు కదిపి చూపించింది, గీత మీద నడవమంది, పేరు చెప్పమంది. తరవాత కన్నడంలో అడగడం మొదలుపెట్టింది. ఏం తాగుతారు, ఏం తింటారు, పొలానికి ఏ మందు కొడతారు. ఆ సీమ కర్ణాటకలోది, ఇళ్లలో మాట్లాడేది తెలుగే అయినా అందరికీ కన్నడం వచ్చు. కదిరప్ప అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాడు. విత్తనాల దగ్గరికి వచ్చేసరికి కొంచెం గర్వంగా కూడా చెప్పాడు. "ఊరికే తినలేదమ్మా. రంగు పూర్తిగా పోయేదాకా కడిగే తిన్నాము."

డాక్టరమ్మ తల ఎత్తింది. "ఏం రంగు?"

"గులాబి."

ఆమె కలం కింద పెట్టింది. "ఆ రంగు ఎందుకు వేస్తారో తెలుసా నీకు?"

జీవితమంతా కదిరప్ప ఎదురుచూసిన ప్రశ్న అది. నీలం కిరసనాయిలు దగ్గర మొదలుపెట్టి, గొర్రెల వీపు మీదుగా నూనె మిల్లు దాకా అంతా చెప్పాడు. డాక్టరమ్మ మధ్యలో అడ్డం రాలేదు. అంతా విని, నెమ్మదిగా అంది.

"అమ్ముకోకుండా వేసిన గుర్తు కాదు తాతా అది. తినకుండా వేసిన గుర్తు. విత్తనానికి బూజు పట్టకుండా విషం పట్టిస్తారు. మీకిచ్చింది పాతకాలపు మందు అయి ఉంటుంది, పాదరసం కలిసినది. ఆ విషం కంటికి కనపడదు. కనపడదు కాబట్టే, మనిషి చూసి భయపడాలని రంగు కలుపుతారు. రంగు నీళ్లతో పోతుంది, విషం పోదు. మీరు కడిగింది విషాన్ని కాదు, హెచ్చరికను. సంచి మీద పుర్రె బొమ్మ చూడలేదా?"

"సంచులు ఆళ్లే పెట్టుకున్నారు," అన్నాడు కదిరప్ప. ఆ వెంటనే "కోడికేసి చూసినా తల్లీ. కోడి బాగుండాది," అన్నాడు.

"ఎన్నాళ్లు చూశావు? ఇది నిదానంగా ఒంట్లో చేరి, వారాల తరవాత నరాల్లో బయటపడుతుంది. కోడి చెప్పదు."

నరసక్క పిల్లను ఒళ్లోకి లాక్కుంది. "బిడ్డకు మళ్లీ మామూలైతాదా అమ్మా?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. పోయిన చూపు రాదంది. తినడం ఆపితే ఇంకా పోకుండా ఉండొచ్చు, అది కూడా చెప్పలేనంది. తరవాత కదిరప్ప వైపు తిరిగి "ఊళ్లో ఇంకెవరైనా తింటున్నారా?" అని అడిగింది.

"అందరూ తింటుండారు."

"అయితే నువ్విక్కడ కూర్చొని ఏం చేస్తున్నావు? నేను పైవాళ్లకు చెప్తాను. వాళ్లొచ్చేలోపల తినే ప్రతి ముద్దా లెక్కే."

బస్సులో నరసక్క ఆయన మొహం చూడలేదు. మధుగిరి దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే ఒక్క మాట అంది. "ఆ రంగో, అని అడిగినా మామా నేను." చేతులు కాలినాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో కదిరప్పకు ఆ బస్సులో తెలిసింది, కాలినవి తన చేతులు కాకపోవడం దానికన్నా ఎక్కువగా తెలిసింది.

ఊళ్లో దిగేసరికి ఆకాశం నిండా మోడం. పొద్దున నాలుగు చినుకులు పడ్డాయట, వీధిలో మట్టివాసన ఇంకా ఉంది. కదిరప్ప ఇంటికి కూడా పోకుండా నేరుగా కరియమ్మ వాకిట్లోకి నడిచాడు. ఆమె పొయ్యి మీద పెనం పెట్టి విత్తనాలు వేయిస్తోంది. పిల్లలు చుట్టూ కూర్చున్నారు.

"దించు కరియమ్మా. ఇసమది. తినగూడదు."

కరియమ్మ నవ్వింది. "ఏందన్నా, నువ్వు చెప్పినట్లే కడిగినా గదా. నీళ్లు తెల్లగొచ్చేదాకా కడిగినా."

ఆయన అరుపులకు వీధి పోగయింది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు. చెప్తుంటే మాటలు తప్పాయి. నీలం నూనె గురించి ఎంత అందంగా చెప్పాడో, నిజం అంత వికారంగా చెప్పాడు.

దాసన్న అరుగు మీద కాళ్లు ముడుచుకొని కూర్చొని అంతా విన్నాడు. "సరేప్పా కదిరప్పా. నీ కోడి చచ్చిందా?"

"లేదు."

"నువ్వు చచ్చినావా? మేము చచ్చినామా? మొన్న రంగు గుర్తే గానీ గుణం కాదంటివి. ఈపొద్దు రంగే గుణమంటావు. ఏ కదిరప్ప మాట నమ్మల్ల మేము?" నలుగురూ నవ్వారు. దాసన్న పైకి చూపించాడు. "మోడం పట్టినాది. వానొస్తే ఇత్తనం కావల్ల. మేం ఇత్తనం తింటున్నామని సర్కారోళ్లకు తెలిసినట్టుండాది. బెదిరించి రాపో అని నిన్ను పంపినారు."

"నా బిడ్డను చూడప్పా!"

"నీళ్ల జబ్బుకు ఇసమని పేరు పెట్టినారు డాక్టర్లు. యా ఇంట్లో లేదు చెప్పు నీళ్ల జబ్బు?"

జనం అవునవునన్నారు. ఆకలి మీద ఉన్నవాడి తర్కానికి తిరుగుండదు. పైగా అందులో సగం కదిరప్ప తయారుచేసి ఇచ్చిన తర్కమే.

ఆయన ఇంట్లోకి పరుగెత్తి, పసుపు పూసిన తన సంచి మోసుకొచ్చి, అందరూ చూస్తుండగా దిబ్బ గుంతలో కుమ్మరించాడు. అట్లన్నా నమ్ముతారనుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు చేటలు పట్టుకొని పరుగెత్తుకొచ్చారు. "అయ్యో, పారబోస్తావేందన్నా! నీకొద్దంటే మాకియ్యి!" గుంతలోకి దిగి పెంటలో కలిసిన గింజలు ఏరడం మొదలుపెట్టారు. పిల్లలు కూడా దిగారు.

కదిరప్ప గుంత గట్టు మీద కూలబడ్డాడు. ఈ లోకంలో ఆయన మాట ఒకే ఒక్కసారి నమ్మాల్సి ఉంది, అది ఇప్పుడు. లేచి తన గడప దగ్గరికి పోయాడు. పుట్టి తల్లి ఒళ్లో కూర్చొని ఉంది.

"అమ్మీ," అన్నాడు, కోడలి కళ్లలోకి చూడలేక నేల చూస్తూ. "బిడ్డను ఈదిలో ఒక్క తూరి నడిపిస్తా."

నరసక్కకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. "సంతలో గొడ్డును నడిపించినట్టా?" అంది. ఆ గొంతులో ఉన్న అసహ్యాన్ని ఆయన తలవంచి తీసుకున్నాడు. అది తనకు న్యాయంగా రావలసిందే.

ఆమె ఎదురింటి వైపు చూసింది. కరియమ్మ చిన్న కొడుకు, ఇంకా సరిగా మాటలు రానివాడు, పెనంలో నుంచి తీసిన గింజలు రెండు గుప్పిళ్లతో నోట్లో కుక్కుకుంటున్నాడు. నరసక్క వాడినే చూసింది. తరవాత కొంగుతో పుట్టి మొహం తుడిచి, జుట్టు సవరించి, లంగా నాడా బిగించి, వీధిలో నిలబెట్టింది.

"నడిపియ్యి," అంది. "ఏమి మిగిలిందో చూడనీ అందరినీ."

కదిరప్ప వీధి చివరికి పోయి నిలబడ్డాడు. "పుట్టీ, నా తావుకు రా తల్లీ!"

పిల్ల తల ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది. తాత దొరకలేదు. ఆయన జరిగి సరిగ్గా ఎదురుగా నిలబడి చేతులూపాడు. అప్పుడు కనపడ్డాడు. పుట్టి నవ్వి నడవసాగింది. కాళ్లు ఎడంగా పెట్టి, కల్లు తాగినవాడిలాగా ఊగుతూ, నాలుగడుగులు ముందుకు వేసి రెండడుగులు పక్కకు పోయింది. పడింది. చేతులు ఊని లేచింది. ఎవరో పిల్లాడు కిసుక్కున నవ్వాడు, తల్లి వాడి నోరు మూసింది. కరియమ్మ గుమ్మం పక్కనే పెద్ద నీళ్ల కడవ ఉంది. కన్నున్నవాడెవడూ దానికి కొట్టుకోడు. పుట్టి కొట్టుకుంది. కడవ పగిలి నీళ్లు కాళ్ల మీద పారితే ఎక్కడివో తెలియక నిలబడి చుట్టూ వెతుక్కుంది. నీళ్ల జబ్బు అట్లా ఉండదని ఆ వీధిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ జబ్బుతోనే వాళ్లు పుట్టి పెరిగారు.

కరియమ్మ పెనం ఎత్తి బూడిదలో బోర్లించింది. చిన్నవాడిని పట్టుకొని, వాడు ఏడుస్తున్నా వినకుండా, నోట్లో వేలు పెట్టి ఒక్కొక్క గింజా లాగేసింది.

దాసన్న అరుగు దిగాడు. లోపలికి పోయి తన సంచి తెచ్చి గుంత దగ్గర దించాడు. మూతికి కట్టిన పురికొస ముడి విప్పబోయాడు. వేళ్లు ముడి మీద జారిపోయాయి. మళ్లీ ప్రయత్నించాడు. ఆ తాడు వేళ్లకు తగులుతున్నదో లేదో తెలియనట్టు, దగ్గరగా పెట్టుకొని చూస్తూ ప్రయత్నించాడు. అందరూ ఆ వేళ్లనే చూస్తున్నారు. చివరికి భార్య వచ్చి ముడి విప్పింది. దాసన్న తన చేతులను ఎవరివో అన్నట్టు చూసుకుంటూ అక్కడే నిలబడిపోయాడు.

కదిరప్ప ఆగలేదు. కింద వీధి వాళ్లు ఎవరూ ఇటు రాలేదు, వాళ్ల పొయ్యిల మీద నుంచి పొగ లేస్తోంది. పుట్టిని ఎత్తుకొని పోయి ఆ వీధి మొదట్లో దించాడు. పిల్ల ఆయన మెడ చుట్టూ చెయ్యి తీయకుండా, ముద్దగా వచ్చే మాటను కూడదీసుకొని అడిగింది.

"బాగ నడిచినానా తాతా?"

"బాగ నడిచినావు తల్లీ," అన్నాడు కదిరప్ప. "ఈ ఈదిలో గూడా నడువు."

ఆ చెయ్యి మెల్లగా విడిపించుకొని, ఆమెకు ఎదురుగా కనపడేట్టు వెనక్కి వెనక్కి నడుస్తూ వీధి చివరికి పోయి నిలబడ్డాడు.